కత్తెరక్క పిలిచిన ఆట

ఆవిడ అసలు పేరు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే కుట్టు దుకాణంలో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టింది కాబట్టి వీధిలోనూ ఇంట్లోనూ అందరికీ కాజాలమ్మే. ఆ దుకాణంలో కుట్టేవన్నీ యూనిఫారాలు. బడి పిల్లలవి, ఆస్పత్రి ఆయాలవి, బస్సు డ్రైవర్లవి. ఒక్కో చొక్కాకి ఏడు కాజాలు. మిషను కుట్టిన కాజా నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుందనీ, కాజాలమ్మ చేతి కాజా చొక్కా చిరిగినా చిరగదనీ యజమాని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. జీతం పెంచమని అడిగిన రోజున మాత్రం ఆ మాట మరిచిపోయేవాడు.

అక్కడ గుడ్డ కోసే ఆమె కత్తెరక్క. కాజాలమ్మకన్నా ఆరేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, గొంతు అంతకన్నా పొడుగు. సుద్దముక్కతో గీత గీయకుండా నిలువు గుడ్డలోంచి చొక్కా చేతులు కోసి పడేసేది. ఆమె కోస్తూ ఉంటే మధ్యలో మాట్లాడే ధైర్యం యజమానికి కూడా లేదు. అంత కోపిష్టి మనిషి కాజాలమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మెత్తబడిపోయేది. కాజాలమ్మ భర్త పోయిన ఏడాది, సూదిలో దారం ఎక్కించుకోలేక ఈమె ఊరికే గోడకేసి చూస్తూ కూర్చునేది. కత్తెరక్క రోజూ పొద్దున్నే అరగంట ముందు వచ్చి, ఇరవై సూదులకి దారం ఎక్కించి, ఒక గుడ్డముక్కకి వరసగా గుచ్చి, ఈమె చోట పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయేది. ఒక్క రోజు కూడా ఓదార్పు మాట అన్నది లేదు. దారాలు ఎక్కించింది, అంతే.

మధ్యాహ్నం రెండు గంటలకి మిషన్లు ఆగేవి. కోత బల్ల మీద గుడ్డముక్కలు పక్కకి తోసి, ఆ చివర ఇద్దరూ డబ్బాలు విప్పుకునేవారు. ముప్పావు గంట. ఏం మాట్లాడుకునేవారని అడిగితే ఇద్దరిలో ఏ ఒక్కరూ చెప్పలేరు. ఇంటావిడ అద్దె పెంచిందనీ, మోకాలు పట్టేసిందనీ, ఫలానా మేనేజరు నడుము కొలత నెలనెలా పెరుగుతోందనీ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, కాజాలమ్మ తన కడుపులో మాట ఏదైనా చించుకున్నది ఆ ఒక్క బల్ల దగ్గరే. అది ఏ రోజూ కాళ్ళ మీద పడలేదు.

తరవాత కంపెనీలు తయారు బట్టలు తెప్పించుకోవడం మొదలుపెట్టాయి. దుకాణం మొదట చిక్కిపోయింది, ఆపైన మూతపడింది. కత్తెరక్క కూతురి దగ్గరికి, బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. కాజాలమ్మ తన కూతురూ అల్లుడూ ఉంటున్న మూడో అంతస్తు ఇంట్లోనే ఉండిపోయింది. కూతురు మందుల దుకాణంలో, అల్లుడు గిడ్డంగిలో. పొద్దున తొమ్మిదికి తాళం చెవులు గలగలమంటే మళ్ళీ సాయంత్రం ఏడుకే ఆ చప్పుడు. మధ్యలో పది గంటలు ఇల్లంతా ఈవిడదే. గోడ గడియారం ఉండేది. ఒంటిగంటన్నర దాటేసరికి కాజాలమ్మ చేస్తున్న పని ఆపి చేతులు కడుక్కునేది, ఎక్కడికో వెళ్ళాల్సినట్టు.

మొదట్లో వారానికి రెండుసార్లు ఫోన్లు. రానురాను మాటలు సన్నబడ్డాయి. ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక మేనేజరు నడుము మీద నవ్వుకున్నవాళ్ళకి, వేరువేరు ఇళ్ళలో కూర్చుని దేని మీద నవ్వాలో దొరకలేదు. “ఏం చేస్తున్నావే?” అని అక్క. “ఏముంటుంది అక్కా” అని ఈమె. ఫోను పెట్టేశాక ఇంకాసేపు మాట్లాడి ఉండాల్సింది అని ఇద్దరికీ ఉండేది. ఏం మాట్లాడాలో మాత్రం ఇద్దరికీ తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కత్తెరక్క గొంతు పాత గొంతులా మోగింది.

“కాజా, నీ ఫోనుకి ఒకటి పంపించాను. దాన్ని నొక్కు. అది ఏదడిగినా సరే సరే అంటూ పో.”

“ఏంటక్కా అది?”

“అంకెలాట. చీటీ మీద పదిహేను అంకెలు ఉంటాయి. వాళ్ళు ఒక్కో అంకె పిలుస్తారు, నీ దగ్గరుంటే వేలు పెట్టు. అన్నీ అయిపోతే గెలిచినట్టు. ఆడుతూ మనం మాట్లాడుకోవచ్చు. ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందే.”

“డబ్బులా?”

“చీటీకి కాస్త. కరివేపాకు కొన్నంత. రోజుకి రెండు చీటీలు, రెండింటికి కూర్చుందాం, మూడింటికి లేద్దాం.”

రెండింటికి అన్న మాట దగ్గరే కాజాలమ్మ సరే అనేసింది. మిగతాది ఆవిడకి సగం వినపడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జూదం అన్న మాట వింటేనే కాజాలమ్మకి ఒళ్ళు మండేది. దానికి కారణం సొంత తమ్ముడు. అతను కుళాయిల మేస్త్రి. చేతిలో మంచి పని ఉంది, ఇంటికి మాత్రం చిల్లిగవ్వ చేరేది కాదు. అంతా పేకాటకే. ఇంట్లో గిన్నెలు పోయాయి, తర్వాత పెళ్ళాం మెడలోది పోయింది, ఆ తర్వాత మాట మీద నమ్మకం పోయింది. ఒకసారి పిల్లకి జ్వరమని అక్క దగ్గర డబ్బు పట్టుకెళ్ళాడు. పిల్లకి జ్వరం లేదు. రెండోసారి వచ్చినప్పుడు కాజాలమ్మ తలుపు తియ్యలేదు. లోపల నిలబడి, అతను మెట్లు దిగే చప్పుడు పూర్తిగా వినేదాకా కదల్లేదు. అప్పటికీ ఇప్పటికీ ఇరవై రెండేళ్ళు. అతను పేకాట మానేసి చాలా కాలమైందని పినతండ్రి కొడుకు చెప్పాడు, నంబరు కూడా రాసిచ్చాడు. ఆవిడ ఆ నంబరు పారెయ్యలేదు, నొక్కనూ లేదు. ఇంట్లోకి పేకముక్కలు రానిచ్చేది కాదు. హాస్టల్లో చదివే మనవడు సెలవులకి వచ్చి ఒకసారి తెస్తే చెత్తబుట్టలో వేసి, వాడికి చదరంగం కొనిపెట్టింది.

అలాంటి మనిషి ఫోను ముందు కూర్చుని చీటీ కొన్నది ఎలా అంటే, జూదానికి ఆవిడ మనసులో ఒక మొహం ఉంది. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, అబద్ధం చెప్పేటప్పుడు కింది పెదవి కొరుక్కునే మొహం. కత్తెరక్క మొహానికీ దానికీ ఎక్కడా పోలిక లేదు. సూదులకి దారం ఎక్కించిన చెయ్యి చెడ్డదారికి పిలుస్తుందా?

కూతురికి పది రోజుల్లోనే తెలిసింది. ఒక ఆదివారం తల్లి ఫోనులో ఏదో వెతుకుతూ ఆ ఆట చూసి నిలబడిపోయింది.

“అమ్మా, ఇది జూదమే.”

“జూదమంటే పేకాట. మీ మామయ్య ఆడిందే, అది జూదం. నేను అక్కతో మాట్లాడుకుంటున్నా.”

“మాట్లాడుకోవడానికి డబ్బులెందుకు కట్టాలి?”

“బస్సెక్కి వెళ్ళినా టిక్కెట్టు కొనాలి కదే. నాలుగు గంటలు కూర్చోలేక ఈ టిక్కెట్టు కొంటున్నాను.”

కూతురు ఫోను తిరిగి ఇచ్చేసి లోపలికి వెళ్ళింది. ఆమె చెప్పేది నిజమని కాజాలమ్మకి లోలోపల ఎక్కడో తెలుసు. కానీ రోజంతా నిలబడి మందులమ్మి వచ్చి, పక్క మీద పడీ పడకముందే నిద్రపోయే పిల్లతో ఏం వాదిస్తుంది? ఈ పిల్ల వద్దంటుంది సరే, వద్దన్నాక ఆ గంటసేపు వచ్చి కూర్చునేది ఎవరు?

ఆ ఏడాది మధ్యాహ్నాలు నిజంగా బాగుండేవి. ఎవరు కాదన్నా అది నిజం. రెండు కొట్టేసరికి కాజాలమ్మ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఫోనుని మంచినీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకునేది. ఫోనులో ఆట పక్కనే, ఆడేవాళ్ళ గొంతులు వినపడే ‘గది’ అని ఒకటి ఉండేది. అందులో కత్తెరక్క, ఆమె వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు, ఈవిడ. ఆ ఇద్దరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. అక్క మాత్రం పాత దుకాణంలో లాగే అందరినీ ఏకిపారేసేది. “నలభై ఏడు పిలిచారే, చూసుకో. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? కాజాలో సూది పెట్టడం చేతనైంది గానీ అంకె మీద వేలు పెట్టడం చేతకాదా?” కాజాలమ్మ నవ్వితే కళ్ళజోడు జారి ఒళ్ళో పడేది. ఒకసారి చీటీ మొత్తం అయిపోయి గెలిచింది. వచ్చిన డబ్బు ఎంతని కాదు, గదిలో అక్క “మా కాజా గెలిచింది” అని మూడుసార్లు అంది. ఆ సాయంత్రం కూతురు వచ్చేసరికి ఇల్లంతా తుడిచి, కిటికీ తెరలు కూడా ఉతికి ఆరేసి ఉన్నాయి.

రెండు చీటీలు మూడయ్యాయి, నాలుగయ్యాయి. కొత్త కళ్ళజోడుకని కూతురు ఇచ్చిన డబ్బు అందులోకే పోయింది. అడిగితే “పాతవాటితోనే బాగా కనిపిస్తోంది, అనవసరం” అంది. చెప్పాక, కింది పెదవి కొరుక్కుంటున్నానని తనకే తెలిసింది. లేచి నీళ్ళు తాగి వచ్చింది. ఆ విషయం ఆ రోజు కత్తెరక్కకి కూడా చెప్పలేదు. ఆమెకి చెప్పకుండా దాచిన మొదటి సంగతి అదే.

వేసవి దాటేసరికి అక్క మారింది. మాట మధ్యలో ఆగిపోయేది. కాజాలమ్మ మోకాలి నొప్పి గురించి చెబుతుంటే “ఉండవే, అంకె పడుతోంది” అనేది, అప్పటికి వీళ్ళ చీటీలో అంకెలేవీ పడటం లేదు. అంటే అక్క ఇంకేదో గదిలో కూడా కూర్చుంది. రెండింటి కన్నా ముందే మొదలుపెట్టేది, మూడింటికి ఈమె లేచినా తను లేచేది కాదు. ఒక రోజు గొంతు తగ్గించి కాస్త సర్దగలవా అని అడిగింది. ముప్ఫై ఏళ్ళలో కత్తెరక్క ఎవరినీ ఏదీ అడగడం కాజాలమ్మ చూడలేదు. ఎందుకని అడిగితే చిన్నబుచ్చినట్టవుతుందని అడక్కుండా పంపింది. ఎవరో తలుపు తట్టినట్టనిపించి ఒకసారి గుమ్మం వైపు చూసింది. అయినా తమ్ముడికి వేసిన తలుపు అక్కకి వెయ్యలేకపోయింది.

ఆ తరవాత వారం గదిలో అక్క లేదు. ఫోను చేస్తే కట్టేసి ఉంది. తొమ్మిదో రోజు పొద్దున కత్తెరక్క కూతురే ఫోను చేసింది.

“పిన్నీ, అమ్మ చెవిదుద్దులు లేవు. బీరువాలో నావి రెండు గాజులు లేవు. ఫోనులోనే ఎవరెవరి దగ్గరో అప్పు తీసుకుంది. వాళ్ళు మా ఆయన ఆఫీసుకి ఫోన్లు చేస్తున్నారు.” ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతది. “రోజూ రెండింటికి మీరిద్దరూ కూర్చునేవాళ్ళు కదా. పక్కన పిన్ని ఉందిలే, మంచికే ఆడుకుంటున్నారని నేనూ ఊరుకున్నాను. మీరైనా ఆపలేదా?”

కాజాలమ్మ ఫోనుని రెండో చెవికి మార్చుకుంది. అక్క ఉందిలే అని తను ఊరుకుంది. పిన్ని ఉందిలే అని అక్క కూతురు ఊరుకుంది.

“ఇంకో సంగతి పిన్నీ. ఒక మనిషిని చేరిస్తే ఇంతని వాళ్ళు డబ్బు ఇస్తారట. అమ్మ పదకొండు మందిని చేర్చింది.”

సాయంత్రం తన కూతురికి చెబితే, ఆమె “పెద్దమ్మే నిన్ను ఈ ఊబిలోకి లాగింది, చెబితే విన్నావా?” అంది. అక్కడ ఆ పిల్ల ఈమెను అంటోంది, ఇక్కడ ఈ పిల్ల ఆమెను అంటోంది. కాజాలమ్మ మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

నాలుగు గంటలూ ఆ పదకొండే తిరిగింది బుర్రలో. నేను ఎన్నోదాన్ని? ఆ రోజు ఆ గొంతు అంత హుషారుగా మోగింది నా కోసమా, లెక్క ఒకటి పెరుగుతుందనా? కిటికీ బయట పొలాలు, గోడౌన్లు, మళ్ళీ పొలాలు పోతూనే ఉన్నాయి. ఏదీ కంటికి ఆనలేదు.

కత్తెరక్క వెనక గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. బోసి చెవులు. పొడుగు మనిషి కాస్తా సగం అయిపోయినట్టుంది. కాజాలమ్మ పక్కన కూర్చుంది. ఆ ఏడాదిలో ఆట లేకుండా ఇద్దరూ ఒకచోట ఉన్నది అదే మొదలు.

“అక్కా, ఒకటడుగుతాను. నన్ను పిలిచింది దేనికి?”

అక్క వేళ్ళతో దుప్పటి అంచు మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది.

“అబద్ధం చెప్పనా, నిజం చెప్పనా?”

“అబద్ధాలు ఇద్దరికీ చేతనయ్యాయి గానీ, నిజమే చెప్పు.”

“ఆ పూట మాత్రం ఆ డబ్బు కోసమేనే. నువ్వు ఐదోదానివి. నువ్వు వచ్చాక, గదిలో నీ నవ్వు వినపడ్డాక, ఇంక నీకోసమే. పొద్దున లేచి రెండు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. తర్వాత్తర్వాత నీకోసం చూస్తున్నానో అంకె కోసం చూస్తున్నానో నాకే తెలీకుండా పోయింది.”

కాజాలమ్మకి కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతుదాకా. కానీ ఎదురుగా ఉన్న ఆ చెవులు చూసేసరికి అది అక్కడే ఆగిపోయింది.

“నేను కళ్ళజోడు డబ్బులు పోగొట్టాను” అంది.

“నాకు చెప్పలేదేం?”

“నువ్వు గాజుల సంగతి చెప్పావా?”

అక్క మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి ఆగింది. “మానెయ్యాలని ఉందే. రోజూ పొద్దున మానేస్తున్నాను. ఎలా మానాలో తెలీట్లేదు.”

ఎలా మానాలో తెలిసిన మనిషి కాజాలమ్మ ఎరిగినవాళ్ళలో ఒక్కడే ఉన్నాడు.

ఇంటికి వచ్చిన రెండో రోజు, అందరూ పనులకి వెళ్ళాక, ఆ పాత నంబరు నొక్కింది. అవతల నీళ్ళ చప్పుడు, ఆ తర్వాత మగ గొంతు. “ఎవరండీ?”

“నేనురా.”

నీళ్ళ చప్పుడు ఆగింది. ఎంతసేపటికో “అక్కా?” అన్నాడు.

ఎలా ఉన్నావని అడగాలనుకుంది. పిల్లలెలా ఉన్నారని అడగాలనుకుంది. ఇరవై రెండేళ్ళవి ఎన్నో ఉన్నాయి. నోటి వెంట వచ్చింది మాత్రం ఒక్కటే.

“ఎలా మానావురా?”

“నువ్వా అక్కా?”

“నేను కాదు, నా స్నేహితురాలు.” ఆగింది. “నేను కూడా కొంచెం.”

అతను ‘నువ్వేనా ఆ రోజు నాకు తలుపు వేసింది’ అనలేదు. అంటాడనే ఆవిడ అనుకుంది. “ఎప్పుడు రమ్మంటావు?” అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. అతనికి జుట్టంతా నెరిసింది, గడ్డం నున్నగా గీసుకున్నాడు, చేతిలో పనిముట్ల సంచి. ఆ సంచి ఎందుకురా అంటే, అది లేకుండా ఎక్కడికీ వెళ్ళలేనన్నాడు. దారిలో పెద్దగా మాట్లాడుకోలేదు. బస్సు ఆగిన చోట టీ తెచ్చి, వేడిగా ఉంది చూసుకో అన్నాడు. చిన్నప్పుడు ఆవిడ అతనికి చెప్పే మాట అది.

అతనికి ఊరికే కూర్చుని మాట్లాడటం రాదు. కత్తెరక్క ఇంట్లో గిన్నెలు కడిగే చోట కుళాయి కారుతోంది. అక్కడ గొంతుక్కూర్చుని దాన్ని విప్పాడు. కత్తెరక్కని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు, కాజాలమ్మ ఆ పక్కనే కూర్చుంది. కత్తెరక్క వైపు వీపు పెట్టే మాట్లాడాడు. అలా అయితే ఆమెకీ వినడం సులువైంది.

“ఇంట్లో అన్నీ చెప్పెయ్యాలి అక్కయ్యా. సగం చెప్పి సగం దాస్తే ఆ సగమే మళ్ళీ లాగుతుంది. బ్యాంకు సంగతులు అమ్మాయి చేతికి ఇచ్చెయ్యండి. బటన్ల ఫోను వాడండి. అది నయం.” రెంచీతో ఒక చుట్టు తిప్పాడు. “ఇవన్నీ చెయ్యొచ్చు. నాకు పేకముక్కలు మానడం అంత కష్టం కాలేదు. ఆ నలుగురిని మానడం కష్టమైంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉంటే అందులో ఒకడు వచ్చి రక్తం ఇచ్చాడు. అయినా వాడు ఎదురుపడితే నా వేళ్ళు వాటంతటవే ముక్కలు పంచేవి. మూడేళ్ళు వాడు ఉన్న వీధిలోకి వెళ్ళలేదు. ఎవరి పక్కన కూర్చుని ఆడామో, వాళ్ళ పక్కన కొన్నాళ్ళు కూర్చోకూడదు.”

కుళాయి బిగించి నీళ్ళు వదిలాడు. కట్టేశాడు. చుక్క కారలేదు. లేచి చేతులు తుడుచుకుంటుండగా అప్పుడు తట్టింది అతనికి, ఆ గదిలో ఎవరెవరు కూర్చుని ఉన్నారో. తన అక్క మొహంలోకి చూడలేక సంచి సర్దుకున్నాడు.

బస్సు దగ్గరికి కత్తెరక్క తనే వచ్చింది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడుస్తూ, దారిలో దేని గురించో తిడుతూ. బస్సు కదిలే ముందు కిటికీ కింద నిలబడి ఊచ పట్టుకుంది.

“నువ్వు కొన్నాళ్ళు ఫోను చెయ్యకు కాజా.”

కాజాలమ్మ తల ఊపింది.

“నీ మీద కోపం కాదే. నీ గొంతు వింటే నాకు రెండు గంటలవుతుంది. అంతే. ఇంక చెయ్యి ఆగదు.”

“అర్థమైంది అక్కా.”

“నాకు అర్థం కాలేదు” అంది కత్తెరక్క. బస్సు కదిలింది.

మర్నాడు రెండింటికి కాజాలమ్మ అలవాటుగా కుర్చీ వేసుకుంది. ఆట తెరిచింది. గదిలో ఎవరూ లేరు. ఒక చీటీ కొంది. అంకెలు పడ్డాయి, వేలు పెట్టుకుంటూ పోయింది. చిత్రంగా గెలిచింది. తెర మీద రంగురంగుల కాగితాలు రాలాయి, ఏదో సంగీతం మోగింది, ఆగిపోయింది. “అక్కా, గెలిచానే” అని పైకే అంది ఖాళీ ఇంట్లో. ఆ మాట తన చెవికే వింతగా వినపడింది. సాయంత్రం కూతురు రాగానే ఫోను చేతికిచ్చి తీసెయ్యమంది. కళ్ళజోడు సంగతి కూడా చెప్పేసింది. కూతురు తిడుతుందనుకుంది. ఆ పిల్ల చెప్పులైనా విప్పకుండా తల్లి పక్కన నేల మీద కూర్చుని, “మధ్యాహ్నాలు ఇంత ఖాళీగా ఉంటాయని నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?” అంది.

చెప్పినట్టే గుర్తు. కానీ వాదించలేదు.

ఆట మానడం ఆవిడకి సులువే అయింది. జలుబు తగ్గినట్టు తగ్గిపోయింది. తగ్గనిది రెండోది, అక్క లేని లోటు. కూతురు ఇప్పుడు మధ్యాహ్నం పూట దుకాణం నుంచి ఒకసారి ఫోను చేస్తుంది, పాపం గుర్తుపెట్టుకుని. తమ్ముడు నెలకోసారి వస్తాడు, కారని కుళాయిలు కూడా విప్పి చూస్తాడు. ఇద్దరూ మెల్లగా పాత మాటలకి వస్తున్నారు, తలుపు సంగతి దాకా ఇంకా రాలేదు. అవన్నీ మంచివే. ఎవరి చోటు వారిదే, ఒకరి చోట ఇంకొకరు పట్టరు. మేనేజరు నడుము మీద నవ్వాలంటే ఆ మేనేజరుని చూసిన మనిషే కావాలి.

ఐదు నెలలు గడిచాయి. కత్తెరక్క కూతురు అప్పుడప్పుడూ ఫోను చేసి సంగతులు చెబుతుంది. ఆ పిల్ల గొంతులో ఇప్పుడు ఆ పొడితనం లేదు. మొన్నొక పొద్దున అలాగే చేసింది.

“బాగానే ఉంది పిన్నీ. మధ్యలో ఒకసారి పక్కింటి వాళ్ళ ఫోను అడిగి ఆడింది. తనే వచ్చి చెప్పింది. మీ తమ్ముడుగారికి ఫోను చేయిస్తే, తనంతట తను చెప్పిందంటే సగం గెలిచినట్టే అన్నారు. ఇప్పుడు ఎదురింటి అమ్మాయికి గుడ్డ కోయడం నేర్పుతోంది. అక్కడే, ముందు గదిలో ఉన్నారు.”

“నన్నేమైనా అడిగిందా తల్లీ?”

“రోజూ అడుగుతుంది. ‘దాన్ని ఇంకా కొన్నాళ్ళు ఆగమను’ అంటుంది.”

“కొన్నాళ్ళంటే?”

“అడగలేదు పిన్నీ. అడగాలంటే భయమేసింది.”

కాజాలమ్మ అడగొచ్చో లేదో తెలియని మాట అడిగినట్టు మెల్లగా అంది. “నువ్వు ఫోను కట్టెయ్యకుండా ఆ గది గుమ్మంలో కాసేపు పెట్టగలవా? నేను మాట్లాడను. మాట్లాడనని ఒట్టు.”

ఆ పిల్ల ఏమీ అడక్కుండా వెళ్ళి పెట్టింది. మొదట అడుగుల చప్పుడు, తరవాత ఏదో గరగరమని జరిపిన చప్పుడు. ఆపైన దూరంగా, కాస్త బొంగురుపోయినా అదే పొడుగు గొంతు. “అడ్డంగా పెట్టకు. గుడ్డకి నిలువుంటుంది, అది చూసుకోవాలి. చేత్తో తడుము, తెలుస్తుంది. ఊఁ, అలా. మధ్యలో ఆపకు, ఆపితే అంచు పోతుంది. ఒక్క ఊపున పోనీ.” ఆ వెంటనే కత్తెర గుడ్డలోంచి సాగిన చప్పుడు.

కాజాలమ్మ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఊపిరి చప్పుడైనా అటు వినపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క ఆ నేర్చుకునే పిల్లని ఇంకోసారి కోప్పడింది. దేనికో నవ్వింది కూడా. లైను దానంతటదే తెగిపోయేదాకా వింటూనే ఉంది.